లోపలి గడియ, బయటి తాళంచెవి

రాయగడ నుంచి రాసిన అమ్మాయికి,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై నాలుగేళ్ళు, బ్యాంకులో ఉద్యోగం, అద్దె ఇల్లు. కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయింది, ఆ తరువాత పెళ్ళి మీదికి మనసు పోలేదు. ఇక ఇలాగే ఉండిపోదామనుకుంటున్నారు. పార్వతీపురంలో ఉన్న మీ అమ్మగారు మాత్రం ఫోను చేసిన ప్రతిసారీ "ముసలితనంలో గ్లాసుడు మంచినీళ్ళు ఎవరిస్తారే" అని కంటతడి పెడుతున్నారు. ఒంటరిగా ఉండి సంతోషంగా బతకగలనా, ఇదంతా నా మొండితనమా అని అడిగారు.

మీలాగే నేనూ ఒడిశాలోనే, పర్లాకిమిడిలో ఉంటాను. తపాలా శాఖలో ముప్పయ్యేళ్ళకు పైగా కౌంటరు వెనక కూర్చుని రిటైరయ్యాను. 2003లో మా అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఒక్కదాన్నే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదన్న కథ మీకు పనికిరాదు, చెప్పుకున్నా అంత రుచిగా ఉండదు. ఎలా ఉంటున్నానన్నది చెబుతాను.

మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయను. ఆ నీళ్ళ గ్లాసు నిజంగానే కావాలి. అది ఎవరి చేతుల మీదుగా వస్తుందన్న దగ్గరే ఆవిడ లెక్క తప్పుతోంది. మా కౌంటరుకు డబ్బు తీసుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళలో నలుగురేసి కొడుకులున్నవాళ్ళు కూడా ఒక్కరే రిక్షా దిగి, గోడ పట్టుకుని మెట్లెక్కేవారు. నా అన్నవాళ్ళు ఎవరూ లేని ఒక ముసలావిడ వెంట మాత్రం ఎప్పుడూ ఇద్దరు పిల్లలు వచ్చేవారు. ఒకడు సంచీ పట్టుకుని, ఇంకొకడు పాసుపుస్తకం పట్టుకుని. "మీకు ఈవిడ ఏమవుతారు?" అని ఒకసారి అడిగాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళెప్పుడూ ఆ సంగతి ఆలోచించినట్టు లేదు. చివరికి పెద్దవాడు "మా ఎదురింటి మావుసీ" అన్నాడు. ఒడియాలో మావుసీ అంటే పిన్ని. నీళ్ళ గ్లాసు ఎక్కువగా ఎదురింటి నుంచే వస్తుందని నాకు ఆ రోజు అనుమానం కలిగింది. తరువాత నా ఒంటి మీదికే వచ్చి రూఢి అయింది.

2007 వానాకాలం. మా వైపు మలేరియా సంగతి మీకు తెలియనిది కాదు. రెండు రోజులుగా కాస్త నలతగా ఉంటే మామూలు జ్వరమే అనుకుని మాత్ర వేసుకుని, రాత్రి యథాప్రకారం ముందు తలుపుకు అడ్డగడియ, పెరటి తలుపుకు గొళ్ళెం వేసుకుని పడుకున్నాను. నడిరాత్రి చలి పట్టుకుంది. మంచం కోళ్ళు కదులుతున్న చప్పుడు నాకే వినిపించింది. దుప్పటి మీద దుప్పటి, దాని మీద అమ్మ పాత బొంత కప్పుకున్నా ఆగలేదు. చెంబు మంచం పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందేది, చాపలేకపోయాను. తెల్లవారాక ఎవరో తలుపు కొట్టడం, నన్ను పేరు పెట్టి పిలవడం వినిపిస్తూనే ఉంది. నోరు పెగలలేదు. ఎదురింటి ఒడియా ఆవిడ ఏడు గంటలైనా నా గుమ్మంలో ముగ్గు పడలేదని చూసి వచ్చిందట. లోపల గడియలు. ఆవిడ పెద్దకొడుకు పెరటి గోడ దూకి, వంటింటి కప్పు మీద పెంకులు నాలుగు తీసి, వాసాల మధ్య నుంచి దిగాడు. ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మూడో రోజుకి మనిషినయ్యాను.

ఇంటికి వచ్చాక పెంకులు వేయించడం కన్నా ముందు వడ్రంగిని పిలిపించి అడ్డగడియ ఊడదీయించాను. లోపలి నుంచీ బయటి నుంచీ తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించాను. రెండో చెవి ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఎదురింట్లో దేవుడి గూట్లో ఉంది. మీరు చేయవలసిన మొదటి పని ఇదే. అద్దె ఇల్లయితే ఇంటి యజమానికి చెప్పి చేయించండి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి, బేరమాడకండి. ఇందులో ఒక చిక్కుంది. లోపలి వైపు చెవి తాళంలోనే వదిలేస్తే చాలా తాళాలు బయటి చెవికి లొంగవు. తలుపు వేశాక చెవి తీసి పక్కన మేకుకు తగిలించడం అలవాటు చేసుకోవాలి. స్నానాలగదికి కూడా గడియ పెట్టకండి. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఆ గడియ ఎవరి కోసం? తడినేల మీద జారిపడితే లోపలి గడియే మనకు శత్రువు. ఆపదలో పిలిచే 112 నంబరు ఫోనులో వేసుకుంటే సరే, వచ్చినవాళ్ళు లోపలికి రావాలిగా.

అయితే ఆ రెండో చెవి ఎవరికివ్వాలన్నది తాళం కొన్నంత సులువు కాదు. ఒంటరిగా ఉండేవాళ్ళలో చాలామందికి ఒక గర్వం ఉంటుంది: నేనెవరినీ ఏమీ అడగను, ఎవరి అప్పూ ఉంచుకోను అని. నాకూ ఉండేది. జ్వరానికి ముందు నాలుగేళ్ళలో ఎదురింటి నుంచి ఒక్క కరివేపాకు రెబ్బ కూడా అడగలేదు. వాళ్ళు రెండు అరిసెలు పంపితే గిన్నె కడిగి వెంటనే పంచదార పోసి పంపేదాన్ని, లెక్క చెల్లు అన్నట్టు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చిన్నచిన్న అప్పులు తీర్చకుండా ఉంచుకోవాలమ్మా. వాళ్ళ నిచ్చెన నా పెరట్లో ఉంటుంది, నా ఇడ్లీపాత్ర నెలలో సగం రోజులు వాళ్ళింట్లో ఉంటుంది. వీధిలో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరకే వస్తారు. ఆధార్ సవరణ, పింఛను కాగితం, కాలేజీ దరఖాస్తు, ఏదైనా సరే. మీరు బ్యాంకులో ఉన్నారు, మీకు ఇంతకన్నా పెద్ద పెట్టుబడి ఉంది. సాయంత్రం అరగంట అరుగు మీద కూర్చుని ఇద్దరికి డిపాజిట్ రసీదు అర్థమయ్యేలా చెప్పండి. ఆరు నెలల్లో ఆ వీధి మీది.

కానీ ఇక్కడే ఒక గుంట కూడా ఉంది. పెళ్ళికాని ఆడమనిషి అంటే అందరికీ ఖాళీ చెయ్యి. "ఒంటికాయ సొంటికొమ్మువు, నీకేం పనే" అంటూ మేనల్లుడి పెళ్ళికి పది రోజుల ముందు రమ్మంటారు, ఆసుపత్రిలో రాత్రి కాపలా అంటే మొదటి పేరు మనదే, ఆఫీసులో దీపావళి రోజు డ్యూటీ మనకే. ముప్పై దాటిన కొత్తలో నేను అన్నింటికీ తలూపాను. మా అన్నయ్య పిల్లల పరీక్షల కోసం నా సెలవులు రెండేళ్ళు ఖర్చయ్యాయి. ఒక సంవత్సరం మాత్రం కుదరదని చెప్పి ఆ సెలవులో గోపాలపూర్ వెళ్ళి సముద్రం ఎదురుగా నాలుగు రోజులు ఊరికే కూర్చున్నాను. మా వదిన ఆరు నెలలు మాట్లాడలేదు. తరువాత మాట్లాడింది. ఏ కారణమూ చెప్పకుండా "ఆ రోజు నాకు వీలుపడదు" అనడం నేర్చుకోండి. కారణం చెబితే దాన్ని తూకం వేస్తారు.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, అడగడానికి మొహమాటపడ్డారేమో. సాయంత్రాల మాటేమిటి? పగలు ఆఫీసు, రాత్రి నిద్ర, ఇవి ఎలాగోలా గడుస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వరకు ఇల్లు మీద పడుతున్నట్టుంటుంది. చుట్టుపక్కల కుక్కర్లు కూస్తుంటాయి, ఎవరో పిల్లవాడిని చదవమని కేకలేస్తుంటారు, మన ఇంట్లో మాత్రం గడియారం. ఇందులో అబద్ధం చెప్పను. మొదటి రెండేళ్ళు టీవీ పెట్టి పక్కగదిలో కూర్చునేదాన్ని, మనుషుల గొంతులు వినపడడానికి. అది పనిచేయదు.

నాకు పనిచేసింది ఒడియా అక్షరాలు. ఇక్కడే పుట్టి పెరిగినా తెలుగు బడిలో చదువుకున్నాను. ఒడియా మాట్లాడడం వచ్చు, ఆఫీసు ఫారాల మందం చదవడం వచ్చు, అంతే. నలభై మూడో ఏట ఎదురింటి మనవరాలి మొదటి వాచకం తెచ్చుకుని, తలల మీద గొడుగులు పట్టుకున్నట్టుండే ఆ అక్షరాలు సాయంత్రం ఆరింటికి దిద్దడం మొదలుపెట్టాను. పిల్లే నాకు పంతులమ్మ. తప్పు రాస్తే నవ్వేది. ఏడాదిన్నరకు దినపత్రిక, నాలుగేళ్ళకు నవలలు. ఈ ఊళ్ళోనే పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు పక్క కొండల సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు, నిఘంటువు తయారుచేశారు. అంత గొప్ప పని నాది కాదు లెండి, నా పని నా రెండు గంటలు నింపింది, వీధిలో సగం ఇళ్ళ తలుపులు తెరిచింది. మీరు ఒడియానే నేర్చుకోనక్కర్లేదు. నేర్పేవాళ్ళో, నేర్చుకునేవాళ్ళో ఎదురుగా కూర్చుని ఉండే పని ఏదైనా ఆ గంటలో పెట్టుకోండి. ఫోను చూడడం దీనికి లెక్కలోకి రాదు.

తిండి దగ్గర చాలామంది జారిపోతారు. అమ్మ గిన్నెలన్నీ ఎనిమిది మందికి సరిపడేవి. వాటి అడుగున అరగ్లాసు బియ్యం వేస్తే గిన్నెకు అంటుకునేదే తప్ప కంచంలోకి వచ్చేది కాదు. కొన్నాళ్ళు బిస్కెట్లు, అటుకులు తిని ఊరుకున్నాను. నా ఒక్కదానికి వండుకోవడం ఏమిటి అన్న నిర్లక్ష్యం అది, పొదుపని పేరు పెట్టుకున్నాను. ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తింటున్నానని గమనించి భయం వేసింది. బజారుకు వెళ్ళి చిన్న గిన్నె, చిన్న మూకుడు, ఒక మంచి కంచం కొన్నాను. పెద్దవాటిని అన్నయ్యకు పంపేశాను. చేపలు అమ్మే ఆవిడ మొదట పావుకిలో అంటే నవ్వేది. ఇప్పుడు నా కోసం చిన్నవి నాలుగు విడిగా తీసి ఉంచుతుంది.

ఒక్కరికి వండితే రాత్రి గుప్పెడు అన్నం మిగలడం ఖాయం. మన పెద్దవాళ్ళు తరవాణి కుండలో వేసేవారు, ఇక్కడ పఖాళ అంటారు. అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టి ఉంచితే పొద్దుటికి కాస్త పులుస్తుంది. అందులో పెరుగు, ఉప్పు, పచ్చిమిరపకాయ. వేయించిన మినప వడియాలు, వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి చేత్తో నలిపి రెండు చుక్కల ఆవనూనె వేస్తే బడి చూర. మే నెల ఎండల్లో ఇంతకన్నా రాజభోజనం నేనెరగను. కూర్చుని, కంచంలో పెట్టుకుని తినండి, అదొక్కటే షరతు.

పండగలు కష్టమే. సంక్రాంతికి అన్నయ్య ఇంటికి వెళతాను, మూడో రోజుకి నా ఇల్లు గుర్తొస్తుంది. మార్గశిరంలో లక్ష్మివారాల పూజ మనకూ వాళ్ళకూ ఉంది కాబట్టి, ఆ నెల వీధంతా బియ్యప్పిండి ముగ్గులతో, లక్ష్మి పాదాలతో ఒకే ఇల్లులా ఉంటుంది. జూన్ నెల మధ్యలో వచ్చే రజో పండగ మీరు రాయగడలో చూసే ఉంటారు. భూదేవికి విశ్రాంతి అని మూడు రోజులు దున్నరు, ఆడవాళ్ళు ఇంటి పని ముట్టుకోకుండా ఉయ్యాలలూగుతారు, ముందే కాల్చి ఉంచిన పోడపిఠా తింటారు. ఒక ఏడు నేనూ ఉయ్యాల ఎక్కితే ఎదురింటావిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని, "నీకెందుకే ఉయ్యాల, నీకు ఏడాది పొడుగునా రజోనే కదా" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కొంచెం ఈర్ష్య ఉందని నాకు స్పష్టంగా తెలిసింది. అంతకుముందు వాళ్ళు నన్ను చూసి జాలిపడుతున్నారనే అనుకునేదాన్ని.

ఆవిడ అన్నది సగం నిజం. నా జీతంతో ఏం చేయాలో నన్నడిగినవాళ్ళు లేరు. ఆదివారం పదింటికి లేవచ్చు. అర్ధరాత్రి దీపం వేసుకుని చదువుకుంటే కసిరేవాళ్ళు లేరు. ఇవి చిన్నవే, ఇరవయ్యేళ్ళు రోజూ అనుభవిస్తే చిన్నవిగా ఉండవు. రెండో సగం ఏమిటంటే, పైకప్పు కారితే మేస్త్రీని పిలవాలా వద్దా అన్నది కూడా మనమే తేల్చుకోవాలి. నిర్ణయం తప్పయితే తిట్టడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండరు. నాకు అన్నింటికన్నా అలసట కలిగించేది అదే. అందుకు పెద్ద ఖర్చు దేనికైనా ముందు ఇద్దరిని అడగడం నియమంగా పెట్టుకున్నాను. వాళ్ళ సలహా పాటించకపోయినా సరే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదికి వచ్చింది. ముందు రోజు సాయంత్రానికే గాలి మొదలైంది. అప్పటికి నేను ముందుగదికి స్లాబు వేయించి ఉన్నాను, ఎదురింటివాళ్ళవి పెంకులే. చీకటి పడ్డాక వాళ్ళూ, వాళ్ళ పక్కింటివాళ్ళూ పిల్లలతో, మరచెంబులతో, ఒక మేకపిల్లతో నా గదిలోకి వచ్చారు. పదకొండు మందిమి. ఎవరి కాళ్ళు ఎవరివో తెలియకుండా పడుకున్నాం. తలుపు తీయమని ఎవరూ అడగనే లేదు, చెవి వాళ్ళ దగ్గరే ఉంది కదా. ఆ తరువాత కరెంటు లేని రోజులన్నీ ఒకే పొయ్యి మీద వండుకున్నాం.

ఇక కాగితాలు. ఇది నా కౌంటరు భాష, కాస్త ఓపిక పట్టండి. నామినీ అంటే వారసులని అందరూ అనుకుంటారు. డబ్బు ఆ వ్యక్తి చేతికి ఇస్తారు, అంతవరకే. అది చివరికి ఎవరికి చెందాలన్నది వీలునామా చెప్పాలి, లేదా చట్టం చెబుతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీలాంటి పెళ్ళికాని, పిల్లలు లేని స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆస్తి ముందు తల్లిదండ్రులకు, వాళ్ళు లేకపోతే తండ్రి వారసులకు వెళుతుంది. ఇది చదువుతున్న వితంతువులెవరైనా ఉంటే మరీ జాగ్రత్త: పిల్లలు లేకపోతే మీ సొంత సంపాదన మీ అమ్మకన్నా ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. ఏ వదినకో, స్నేహితురాలికో, పెంచుకున్నట్టుగా చూసుకున్న ఎదురింటి పిల్లకో ఏదైనా ఇవ్వాలని ఉంటే రాసిపెట్టాలి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెలుగులో రాసినా చెల్లుతుంది. మీ సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలి. మీకన్నా చిన్నవాళ్ళను సాక్షులుగా పెట్టుకోండి, ఎందుకో చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు 1 నుంచి నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చన్నది మీకు నాకన్నా బాగా తెలుసు.

మీ మీద ఆధారపడినవాళ్ళు ఎవరూ లేకపోతే పెద్ద జీవిత బీమా అమ్మజూపే ఏజెంటుకు టీ ఇచ్చి పంపేయండి. అమ్మగారు మీ జీతం మీద ఉంటే ఆ మేరకు ఆలోచించవచ్చు. మీకు ముఖ్యమైనవి రెండు. బ్యాంకు ఇచ్చేది కాకుండా సొంతంగా ఒక ఆరోగ్య బీమా, వయసులో ఉండగానే. ప్రమాదం జరిగి పని చేయలేకపోతే ఆదుకునే బీమా ఒకటి, ఎందుకంటే మన ఇంట్లో రెండో జీతం లేదు. అరవై దాటాక సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల వరకు పెట్టుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. నా కిరాణా ఖర్చు దాంతోనే. ఆసుపత్రిలో సంతకం ఎవరు పెడతారన్నది కూడా అందరినీ పీడించే భయం. తెలివిలో ఉన్న పెద్దమనిషి తన చికిత్సకు తానే సంతకం పెట్టవచ్చు. కోలుకునే ఆశ లేని జబ్బులో తెలివి తప్పితే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే వీలును సుప్రీంకోర్టు 2018లో కల్పించి, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. నాది బీరువాలో పై అరలో ఉంది, ఎదురింటివాళ్ళకు చెప్పాను.

మొండితనమా అన్నారు. ఇందులో ఒట్టు వేయవలసినది ఏమీ లేదు. నలభై రెండో ఏట ఎవరైనా నచ్చితే చేసుకోండి, "ఇన్నాళ్ళు వద్దన్నావుగా" అనేవాళ్ళకు రెండు పూటలు కబుర్లు దొరుకుతాయి, అంతే. తప్పిపోయిన సంబంధం మీద కోపంతో మాత్రం ఒంటరిగా ఉండకండి. ఆ కోపం ఇంకా ఉంటే అతను ఇంట్లో ఉన్నట్టే.

మీ అమ్మగారితో ఫోనులో వాదించడం ఆపేయండి. రైలెక్కించి ఒక పదిహేను రోజులు రాయగడ తెచ్చుకోండి. మీరు ఆఫీసుకు వెళ్ళాక ఆవిడే పక్కింటావిడను పలకరిస్తారు, సాయంత్రానికి వాళ్ళ కోడలి సంగతులు మీకు చెబుతారు. ఆదివారం ఇద్దరినీ మజ్జిగౌరమ్మ గుడికి తీసుకువెళ్ళండి. రెండో తాళంచెవి మీ చేత్తో ఇవ్వకండి, వెళ్ళే రోజున అమ్మగారి చేత ఇప్పించండి. "మా పిల్లను చూస్తుండండి" అని ఆవిడ ఎలాగూ అంటారు. చెవి చేయించేటప్పుడు ఇత్తడిదే చేయించండి, ఇనుపది మన వానలకు రెండేళ్ళలో తుప్పు పట్టి తాళంలో ఇరుక్కుంటుంది.